నాలుగు ఎర్ర చుక్కలు

మా ఆవిడ గోళ్ళరంగు సీసాలను ఫ్రిజ్‌లో పెడుతుంది. పెరుగు గిన్నె పక్కన, వరసగా. చల్లగా ఉంటే గడ్డకట్టవట. పెళ్ళయిన కొత్తలో ఒకటి రెండుసార్లు అభ్యంతరం చెప్పాను. అది వంట సామానో అలంకరణ సామానో తేల్చమన్నాను. తేల్చలేదు. ఇప్పటికీ పచ్చిమిరపకాయల కోసం చెయ్యి పెడితే ముందు ఎర్ర సీసాయే తగులుతుంది.

ఇంత చిన్న విషయానికి మొగుడు ఏడేళ్ళుగా మొహం ఎందుకు మాడ్చుకుంటున్నాడో ఆమెకు తెలియదు. మీకు చెబుతాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఇలాంటి మాటలకు ఇంతకంటే మంచి బంధుత్వం దొరకదు. ఆ ఎర్రరంగు బరువు పదకొండేళ్ళుగా మోస్తున్నాను. సీసా తూకం మహా అయితే తులమో, తులమున్నరో. మోసేవాడికి తెలుస్తుంది.

ముందే ఒక మాట. నేను క్షమించమని అడగడానికి రాలేదు. చిన్నతనం అనే సాకు కూడా చెప్పను. అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు. ఓటుంది, లైసెన్సు ఉంది, ఫిజిక్సులో మంచి మార్కులున్నాయి. చేసింది తెలిసే చేశాను. అందులో సగానికి ఇప్పటికీ నాకు బాధ లేదు. ఏ సగానికో చదివితే మీకే తెలుస్తుంది.

నేను కామారెడ్డిలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతూ గదిలో ఉండేవాణ్ణి. అక్క వాళ్ళది ఎల్లారెడ్డి. బావ కామారెడ్డిలో ఒక ఆఫీసులో గుమాస్తా. రోజూ వంద సీసీ బండి మీద వచ్చి పోయేవాడు. ఆ బండిని ఆయన చూసుకున్నంత బాగా మా అక్కను చూసుకోలేదని నేను అనను, అక్క అంటుంది. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో బావ పంచాంగం చెప్పినట్టు చెప్పేవాడు. ఆ ఏడు చలికాలంలో ఆయనకు హైదరాబాదులో పది రోజుల శిక్షణ పడింది. బండి నా చేతికిచ్చాడు. వేగం నలభై దాటొద్దని మూడుసార్లు చెప్పాడు.

దానికి నెల ముందే ఇంజను పని అయింది. కొత్త పిస్టన్, కొత్త రింగులు. చేసినవాడు సత్తన్న. ఎల్లారెడ్డిలో బావ వాళ్ళ సందు మలుపులో రేకుల షెడ్డు ఆయనది. సత్తన్న ఇంజను విప్పితే, మళ్ళీ బిగించాక హెడ్డు అనే పైమూత మీది నాలుగు నట్లకూ తలా ఒక ఎర్ర చుక్క పెట్టేవాడు. భార్య గోళ్ళరంగే. సగం నట్టు మీద, సగం ఇనుము మీద. ఎవరైనా పానా వేసి తిప్పారో, చుక్క పగులుతుంది. చుక్క ఉన్నంతవరకు ఇంజనుకు తాను జవాబుదారీ, పగిలితే తనను అడగొద్దు. అది ఆయన కానూను. ఊళ్ళో అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

మా క్లాసులో ఒకడికి పెద్ద బండి ఉండేది. బావ బండిని చూసి, దీనికి పాల క్యాన్లు కట్టుకుంటే బాగుంటుందన్నాడు. అంతే. ఇంతకంటే గొప్ప కారణం చెప్పాలని నాకూ ఉంది, కానీ లేదు.

ఆ రాత్రంతా రికార్డు పుస్తకం వెనక లెక్క వేశాను. ఇంజను హెడ్డును కొంచెం పల్చన చేయిస్తే, లోపల గాలీ పెట్రోలూ ఇంకా ఇరుకులో నలుగుతాయి. ఇరుకులో అంటుకున్నది గట్టిగా తంతుంది. ఆ తన్నే బలం. నట్లు విప్పాను. చుక్కలు చిటపట పగిలాయి, ఎండిన మిరప తొడిమల్లాగా. హెడ్డును లేతు మిషిన్ దగ్గరికి తీసుకుపోయి, మిల్లీమీటరుకు కొంచెం తక్కువ గీకించాను. గాలి వచ్చే దారిని ఆకురాయితో రాసి వెడల్పు చేశాను. గాలి పెరిగితే పెట్రోలు పెరగాలి కదా. కార్బొరేటర్లో పెట్రోలు వచ్చే ఇత్తడి ముక్క ఒకటుంటుంది, జెట్టు అంటారు, దానికి గుండుసూది మొనంత బెజ్జం. దాని బదులు పెద్ద బెజ్జం ఉన్నది వేశాను.

ఆదివారం పొద్దున ఎల్లారెడ్డి రోడ్డు మీద, అడవి దగ్గర రోడ్డు ఎత్తుకు పోయే ఎక్కుడులో పెద్ద బండిని దాటాను. రెండు బండ్ల దూరం. పాల క్యాన్ల బండి. వాడి మొహం చూడటానికి వెనక్కి తిరగలేదు, తిరిగితే పడిపోతానని. కానీ ఊహించుకున్నాను, ఇప్పటికీ ఊహించుకుంటాను, మనసు బాగాలేని రోజుల్లో బాగా పనికొస్తుంది. ఈ సగం గురించి నాకు పశ్చాత్తాపం లేదు. నా లెక్క కరెక్టు. ఎవరైనా వచ్చి బోర్డు మీద తప్పు చూపించమనండి.

రెండో సగం బండి తిరిగి ఇచ్చేటప్పుడు మొదలైంది.

బావకు తెలియకూడదు. అందుకు ముందు చుక్కలు కావాలి. కామారెడ్డిలో గాజుల దుకాణానికి పోయాను. రంగు కలవాలని పాత నట్టును జేబులో పెట్టుకుపోయాను. ఎవరికని అడిగితే అక్కకన్నాను. రెండు రకాలు నా బొటనవేలి గోటి మీదే వేసి చూసుకున్నాను. సత్తన్నది పుర్రచేతి వాటం. ఆయన చుక్కకు ఒక పక్క సన్నటి తోక ఉంటుంది. ఆ తోక కూడా పెట్టాను, నాలుగింటికీ, ఒకే వైపు. రికార్డులో బొమ్మలకు నాకు ఎప్పుడూ పదికి తొమ్మిది వచ్చేవి. ఆ రోజు పదికి పది.

ఇక మైలేజీ. పెద్ద జెట్టు ఉంటే రెండో రోజే బావ పసిగడతాడు. కాబట్టి పాత జెట్టు మళ్ళీ పెట్టేశాను. ఇక్కడ ఆగి ఆలోచించాలి మీరు. నేను ఆగలేదు. గీకిన ఇనుము తిరిగి రాదు. వెడల్పైన గాలి దారి మళ్ళీ సన్నబడదు. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. అలాంటి ఇంజను లోపల లోపలే కాగుతుంది. ఇది నాకు తెలియదా? తెలుసు. అది కూడా ఆ రికార్డు వెనకే రాసి ఉంది, నా దస్తూరీలోనే. మైలేజీ అడుగుతాడని భయపడ్డాను, మనిషి పడతాడని అనుకోలేదు. అనుకోలేదా, అనుకుని పక్కన పెట్టానా? పదకొండేళ్ళుగా ఈ ఒక్క ప్రశ్నకు జవాబు మారుతూ వస్తోంది. సోమవారం ఒకటి, శుక్రవారం ఒకటి.

బావ బండి తీసుకుని మురిసిపోయాడు. ఎక్కుడులో గేరు మార్చే పనే లేదన్నాడు. సత్తన్న చేతి మహిమ అని ఆఫీసులో చెప్పాడు, చుట్టాలకు చెప్పాడు, నలుగురిని ఆ షెడ్డుకు పంపాడు కూడా. సత్తన్న మాత్రం కొంచెం అయోమయంగా, అయినా సంతోషంగా, ఏదో పిస్టన్ మంచిగా కుదిరిందని చెప్పుకునేవాడట. మీకు నిజం చెబుతానన్నాను కదా. ఆ రెండు నెలలు నన్ను కాల్చింది తప్పు చేశానన్న బాధ కాదు, అసూయ. పని నాది, పేరు ఆయనది.

ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం, అదే రోడ్డు మీద, అదే అడవి దగ్గర ఇంజను పట్టేసింది. పిస్టన్ కదలకపోతే వెనక చక్రం తిరగదు. బండి ఈడ్చుకుపోయింది. బావ నలభైలోనే ఉన్నాడు. అందుకే బతికాడు. ఎడమ మణికట్టు మాత్రం రెండు చోట్ల విరిగింది. లోపల ప్లేటు వేశారు. ఇప్పటికీ ఆ చెయ్యి పూర్తిగా వంగదు. టీ గ్లాసు కుడిచేత్తో పట్టుకుని, ఎడమచేతిని కింద ఊరికే ఆనిస్తాడు.

వారానికి బావ కట్టుతో, నేను తోడుగా, షెడ్డుకు పోయాం. బండిని అప్పటికే ఆటోట్రాలీలో తెచ్చి దించారు. నలుగురైదుగురు చేరారు. సత్తన్న పానా ముట్టుకోకముందు నాలుగు నట్లనూ గుడ్డతో తుడిచాడు. వంగి చూశాడు. వేలితో ఒక్కో చుక్కనూ తడిమాడు.

"నువ్వే ఇప్పినవ్, నువ్వే బిగిచ్చినవ్," అన్నాడు బావ. "నడుమల ఇంకెవలన్న ముట్టిన్రా?"

"లేదు సారు. చుక్కలు గట్లనే ఉన్నయ్."

"మరి?"

సత్తన్న నావైపు తిరిగాడు. "తమ్మీ, నువ్వు పది దినాలు నడిపినవ్ గద. ఏమన్న సప్పుడు గిట్ల ఇనొచ్చిందా?"

అడగడంలో అనుమానం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. డాక్టరు అడిగినట్టు.

"లేదన్నా," అన్నాను. "మస్తు నడిచింది."

"గట్లయితె తప్పు నాదే సారు. నా చెయ్యే తప్పింది."

మస్తు నడిచిందన్నది నిజమే. నేను ఆ రోజు చెప్పిన నిజం అదొక్కటే. బావ ఇంజను విప్పి చూడనివ్వలేదు, బండిని అలాగే తుక్కుకు తోలించాడు. అందరి ముందూ అన్నాడు, "పంచర్లేస్కొని బతుకు. ఇంజన్ల జోలికి పోకు." నొప్పిలో ఉన్న మనిషి మాట. ఎవరైనా ఏదో ఒకటి అంటారు. వినేవాళ్ళు అంత శ్రద్ధగా వింటారని ఎవరనుకుంటారు?

సత్తన్న విన్నాడు. షెడ్డు మీది బోర్డులో మూడు వరసలుండేవి. నెల తిరిగేసరికి నడిమి వరస మీద సున్నం పడింది. "ఇంజను పని" అన్నది పోయింది. పంచరు, గాలి మిగిలాయి. అప్పటి నుంచి ఆయన ఇంజను విప్పలేదు. ఇంజను పనులు బస్టాండు వైపు పోయాయి. ఇంకొకటి ఉంది, దానిని నేను చూడకుండా ఉంటే బాగుండేది. చక్రం బిగించాక సత్తన్న రెండడుగులు పోయి, వెనక్కి వచ్చి, అదే నట్టును మళ్ళీ బిగించి చూస్తాడు. మళ్ళీ పోతాడు. మళ్ళీ వస్తాడు. నేను విరగ్గొట్టిన రెండింటిలో మణికట్టుకైనా ప్లేటు వేశారు.

నేను పీజీ చేశాను. కామారెడ్డిలో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. ఏటా ఇంజను పాఠం వస్తుంది. ఏటా బాగా చెబుతానని పేరు. పెళ్ళిళ్ళలో బావ తన కట్టు కథ చెబుతాడు. ఏడాదికేడాది సత్తన్న ఇంకా తాగుబోతూ, ఇంకా మొద్దూ అవుతున్నాడు. ఆ మనిషి తాగడు. నేను పక్కన కూర్చుని నవ్వుతాను. ఒకసారి బావ ఏదో మరిచిపోతే నేనే అందించాను కూడా. అంత దాకా పోయానని మీరు తెలుసుకోవాలి.

పోయిన ఆదివారం అక్క రమ్మంటే ఎల్లారెడ్డి పోయాను. ముందు రోజు ఫ్రిజ్‌లో కొత్త సీసా కనిపించింది. అచ్చం ఆ రంగే. ఇక చాలనిపించింది. కానీ ఊరికే షెడ్డుకు పోయి ఏమని నిలబడతాను? కాబట్టి సందు మలుపు ఇవతల ఆగి, నా స్కూటర్ వెనక చక్రంలో గాలి నేనే తీశాను. నెట్టుకుంటూ పోయాను. వీరత్వం ఇలాగే ఉంటుందనుకుంటాను.

సత్తన్నకు వెంట్రుకలు నెరిశాయి. కళ్ళద్దాలొచ్చాయి. ట్యూబు తీసి నీళ్ళ తొట్టిలో ముంచి, చుట్టూ తిప్పి చూశాడు. బుడగ లేదు. మళ్ళీ తిప్పాడు. లేదు. మూడోసారి కూడా తిప్పబోతుంటే నేను ఓర్చుకోలేకపోయాను.

"పంచర్ లేదు సారు," అన్నాడు సత్తన్న. "ఎవలో గాలి తీసిన్రు."

"నేనే తీసిన సత్తన్నా. ఇంకోటి గుడ నేనే చేసిన."

మొత్తం చెప్పాను. పాల క్యాన్లు, లేతు మిషిన్, జెట్టు, గాజుల దుకాణం, తోక. ఏదీ వదలలేదు, ఏదీ మెత్తగా చెప్పలేదు. తప్పు నీది కాదు, నీ చెయ్యి ఎప్పుడూ తప్పలేదు, చుక్కలు నావి అన్నాను. క్షమించమనలేదు. ఆ మాట అంటే, సరే అనే పని ఆయన మీద పడుతుంది. ఆయనకు ఇప్పటికే నేను చాలా పని కల్పించాను.

ఆయన వింటూనే ట్యూబును గుడ్డతో తుడిచాడు. టైరులో ఎక్కించాడు. ఎంత గీకించానని ఒక్కటే అడిగాడు. చెప్పాను. తల ఊపాడు. గాలి కొట్టాడు. చక్రం బిగించాడు. ఈసారి వెనక్కి వచ్చి చూస్తాడా అని చూస్తూ నిలబడ్డాను. వచ్చాడు. మళ్ళీ బిగించి చూశాడు.

నాకు తేలికైంది. ఇది దాచను. ఆయనకు ఏమైందో నాకు తెలియదు, నాకు మాత్రం పదకొండేళ్ళ తర్వాత ఊపిరి పూర్తిగా ఆడింది, దానికి సిగ్గుపడమంటే పడను. చెప్పాల్సింది చెప్పాను. ఇంకేం చెయ్యాలి? స్కూటర్ స్టాండు తీశాను. అక్క కోడికూర వండిందని, ఆలస్యమైతే బావ ఒక్కడే కూర్చుంటాడని, ఏదో గొణిగాను.

సత్తన్న తొట్టిలో చేతులు కడుక్కుని, లుంగీకి తుడుచుకుంటూ సందు వైపు చూశాడు.

"మీ బావ ఇల్లు గా సందులనే ఉన్నది గద సారు. గిది ఆడ జెప్పక గీడికెందుకొచ్చినవ్?"