డ్రిల్ సారు దాచిన బూట్లు

పోయిన మంగళవారం పొద్దున మా డ్రిల్ సారు సిరిసిల్లలో కన్నుమూశారు. కోరుట్ల బడిలో నాతో చదివిన మిత్రుడు ఫోన్ చేసి చెప్పాడు. ఎనభై ఏడేళ్లు, నిద్రలోనే పోయారట. నేను మెట్‌పల్లి బస్సులో ఉన్నాను. సరేనని ఫోన్ పెట్టేసి టికెట్ తీసుకున్నాను. ఏడుపు రాలేదు. ఆయనంటే మాకు ప్రేమకన్నా భయం ఎక్కువ.

మీరు ఆయన్ని చూసి ఉండరు. సాయంత్రం ఆటకు ముందు వట్టి కాళ్లతో మైదానమంతా తిరిగి, పల్లేరుకాయలు ఏరి జేబులో వేసుకునేవారు. మమ్మల్ని ఏరనిచ్చేవారు కాదు. "మీ కండ్లు బంతి మీదుంటయ్, ముండ్ల మీదుండవు" అనేవారు. సోమవారం ప్రార్థన అయ్యాక మా కాలిగోళ్లు చూసేవారు. పెరిగి ఉంటే ఇంటికి తోలేవారు. తెలుగు, ఉర్దూ కలిపి తిట్టేవారు. ఏ తిట్టు ఏ భాషదో బడి వదిలాక గాని మాకు తెలియలేదు.

సిరిసిల్లలో నేత ఇంట పుట్టి, హైదరాబాద్‌లో పెద్ద ఫుట్‌బాల్ జట్టుకు వట్టి కాళ్లతో ఆడారని చెప్పుకునేవాళ్లు. బోలెడు గోల్సు కొట్టారని కూడా. "నేను గోల్ కొట్టేటోన్ని కాదు, ఆపేటోన్ని" అని ఆయనే తేల్చేసేవారు. ఆట ఎందుకు మానారో మాత్రం చెప్పేవారు కాదు.

నేను పదో తరగతిలో ఉండగా జిల్లా జట్టు ఎంపిక జగిత్యాలలో పెట్టారు. రెండేళ్లుగా నాకు అదే ధ్యాస. బూట్లు తప్పనిసరి అన్నారు. దుబాయిలో ఉన్న నాన్న పంపాడు. అమ్మా నేనూ పెట్టె తెరిచి చూసి, మళ్లీ మూసి బీరువా మీద పెట్టేశాం, పండక్కి కొత్త బట్టలు దాచినట్టే.

ఎంపికకు నెల ముందు సారు అడిగారు.

"నీ బూట్లేవిరా?"

"ఇంట్ల ఉన్నయ్ సార్. ఖరాబైతయని ఏసుకుంటలేను. జగిత్యాలల ఏసుకుంట."

ఆయన అప్పుడే నాతో మా ఇంటికి వచ్చారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. అమ్మతో అన్నారు.

"చెల్లె, నేను గూడ గిట్లనే దాపెట్టిన. ఒక ఏడు, బూట్లు లేకుంటె ఆడనియ్యమన్నరు. మా అన్న కొనిచ్చిండు. మా అమ్మ కొత్త తువ్వాలల చుట్టి సందుగుల పెట్టింది. పెద్ద సెలక్షన్ నాడే తీసి ఏసుకున్న. హాఫ్‌టైంకే కాళ్లు రెండు పుండ్లు. కూసున్న, మల్ల లేవలే. గంతే నా ఆట."

అమ్మ బీరువా మీది పెట్టె దింపింది. నాకు తలెత్తబుద్ధి కాలేదు. సారు ఆ కొత్త బూట్లను తోలు మెత్తబడాలని బకెట్ నీళ్లలో ముంచి, తడిగానే నాకు తొడిగించి బడిదాకా పరుగెత్తించారు. స్నానానికి, నిద్రకు తప్ప విప్పనివ్వలేదు. కుంటుతూ నడిచాను, తోటి పిల్లలు నవ్వారు, నేను లోపల్లోపల ఆయన్ని తిట్టుకున్నాను. ఆ తిట్లకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. కృతజ్ఞతంటారే, అది ఆయన బతికుండగా ఒక్కసారీ చెప్పలేదు.

జగిత్యాలలో ఆఖరి విజిల్ దాకా ఆడాను. ఎంపిక కాలేదు. జాబితా చదివాక గోడ పక్కన కూర్చుని ఏడ్చాను. సారు వచ్చి జాబితా మాటే ఎత్తలేదు. నా ఎదుట నేల మీద కూర్చుని, లేసులు విప్పి, బూటు లాగి, నా పాదం ఒళ్లో పెట్టుకున్నారు. మడమ, వేళ్ల సందులు తడిమి తడిమి చూశారు. ఎక్కడా పుండు లేదు. మైదానంలో మరో ఆట మొదలైంది. ఆయన మాత్రం నా పాదాన్ని రెండు చేతులా పట్టుకుని, వదలకుండా అలాగే కూర్చున్నారు.