నేను వేయని చుక్క

కొన్నేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. తూకం వేస్తే ఏమీ ఉండదు. చిన్న చుక్క. అదీ వేసింది కాదు, వేయనిది. లేని చుక్కకు ఇంత బరువేమిటని అడక్కండి. సైన్సు చదివాను కానీ నాకూ తెలియదు.

నెల్లూరు తీరాన రొయ్యపిల్లలకు వైరస్ పరీక్ష చేసే చిన్న ల్యాబులో పని నాది. రొయ్యలు పెంచే గుంటలో వదిలే ముందు రైతు కొన్ని పిల్లల్ని సీసాలో తెచ్చిస్తాడు. వాటిని నూరి డీఎన్ఏ తీస్తాం. తెల్లమచ్చ వైరస్ ఉంటే దాని డీఎన్ఏ కూడా అందులోనే ఉంటుంది, కంటికి ఆననంత కొంచెం. దాన్ని పెంచాలి. డీఎన్ఏ అంటే రెండు పోగులు పెనవేసిన తాడు. వేడి చేస్తే పోగులు విడిపోతాయి. మేం ఒక చుక్క వేసే ఎంజైము అనే ప్రోటీను ఒక్కో పోగునూ పట్టుకుని జతపోగు అల్లుతుంది. మళ్లీ వేడి, మళ్లీ అల్లిక. వైరస్ ఉంటే చివరికి జెల్ పలక మీద ఒక గీత వెలుగుతుంది. ప్రాణమున్న కణాల్లో ఇలాంటి అల్లిక నాలాంటివాడి పర్యవేక్షణ లేకుండానే నడుస్తుంది. అందుకే సవ్యంగా నడుస్తుంది.

పెంచలన్న పక్క ఊరి రైతు. అప్పట్లో ఒక ఉదయం సీసా ఇచ్చాడు. ఫలితం వచ్చాకే, రొయ్యపిల్లలు అమ్మే హేచరీలో పిల్లను ప్యాక్ చేయించాలి. ఆయన ఆత్రం పట్టలేక, ముందే చేయించి, మధ్యాహ్నానికి ఆక్సిజన్ సంచుల బండిని మా వాకిట్లో నిలిపాడు. అప్పుడే నేను జెల్ చూస్తున్నాను. ఆయన నమూనాలో గీత లేదు. మంచిదే. కానీ పక్కన, వైరస్ ఉందని ముందే తెలిసిన నమూనా ఒకటి ప్రతిసారీ సాక్షిగా పెడతాం. అందులోనూ గీత లేదు. అంటే ఆ పరీక్షకు కళ్లే లేవు. మొదటి నుంచి మళ్లీ చేయాలి.

పెంచలన్న తలుపులోంచి తొంగిచూశాడు.

“ఏంది తమ్ముడా, ఇంకా చూస్తానే ఉండావు? పెళ్లిచూపులా?”

“అయిపోయిందన్నా.”

“పిల్ల బాగుండాదా లేదా చెప్పబ్బా. ఎండకి సంచుల్లోనే పులుసైపోయేట్టుండాది.”

“బాగుందన్నా. గీతే రాలేదు.”

“నువ్వు చెప్పినావు, చాలు.”

గీత రాలేదన్నది నిజం. నిజాన్ని సగానికి కోసి వడ్డించాను, అంతే. సాయంత్రం ఫ్రీజర్ తెరిస్తే, ఆ రోజు వాడాల్సిన కొత్త ఎంజైము గొట్టం సీలు కూడా తీయకుండా కనిపించింది. యంత్రం పూటంతా వేడెక్కి చల్లారింది, అల్లేవాడు లేని మగ్గంలా. మిగిలిన నమూనాతో మళ్లీ చేస్తే సంగతి తెలిసేది. ఎందుకు చేయలేదు? తెలుస్తుందనే. సీసా కడిగేశాను.

ఆ పంట సగంలోనే రొయ్యలు ఎర్రబడి గట్టు వారకు చేరాయి. పెంకుల మీద తెల్లమచ్చలు. గుంట మొత్తం పోయింది. పిల్లలో తప్పు లేదని ల్యాబు చెప్పాక తప్పు ఇంకెక్కడో ఉండాలి కదా. పెంచలన్న వెతికాడు. బామ్మర్ది శీనయ్య దొరికాడు. రొయ్య ఎంత ఎదిగిందో చూద్దామని ఆయన వేరే గుంటలో వాడిన వల తెచ్చి వేశాడు. మా వైపు అది ఎంగిలి చెయ్యి కుండలో పెట్టడం కన్నా పాపం. బ్లీచింగులో నానబెట్టే తెచ్చానని శీనయ్య మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు. అప్పటి నుంచి రెండిళ్లకూ మాటల్లేవు. పెంచలన్న భార్య తన తమ్ముడి గడప తొక్కలేదు.

వైరస్ వలతోనే వచ్చిందేమో? పీతతోనో కాకితోనో వచ్చి ఉండొచ్చు కూడా. ఈ ‘ఉండొచ్చు’ నీడలోనే ఇన్నాళ్లూ పడుకున్నాను. నిద్ర పట్టిందని మాత్రం అనలేదు.

మొన్న పెంచలన్న మళ్లీ సీసా తెచ్చాడు. శీనయ్య రాజీకి మనిషిని పంపితే తిప్పి పంపేశాడట. నా టెస్టు ఉండబట్టే అసలు దొంగ దొరికాడన్నాడు. నేను నవ్వి ఏదో జోకు వేశాను. ఏం జోకో గుర్తులేదు. నా జోకులు నేను మర్చిపోవడం అదే మొదలు.

ఆ రోజు కావాల్సిన మాట ఎంత చిన్నది! తెలియదన్నా, మళ్లీ చేయాలి. అది నోట్లోంచి రాలేదు. శీనయ్య గడప దగ్గరకు ఈ మాట మోసుకెళ్లే కాళ్లు ఇంకా రాలేదు. మీకు చెబుతున్నాను. మీరు క్షమించినా చెల్లదు, పోయిన గుంట మీది కాదు, తెగిన చుట్టరికం మీది కాదు. అయినా రాస్తున్నాను: ఎంజైము వేయలేదు. పరీక్ష చెల్లదని తెలిసీ చెప్పలేదు.

చీకటి పలక మీద ఇన్నాళ్లకు ఒక గీత కనిపించింది.