డబ్బా సారు శుక్రవారాలు

పోయిన నెల ఒక శుక్రవారం, మా ఆయన జుమ్మా నమాజుకు బయలుదేరిన కాసేపటికి నా ఫోను మోగింది. ఆ వేళకు ఎప్పుడూ మోగేదే. అప్పటికే నేను కోళ్ల షెడ్డు పక్క గదిలో పాత ల్యాప్‌టాప్ తెరిచి, వైరు డబ్బాకు తగిలించి కూర్చున్నాను. "చెప్పుర్రి సారు, వైరు పెట్టిన" అన్నాను. అవతల ఒక ఆడగొంతు, "ఆయన లేరమ్మా. బుధవారం పోయారు. మీరు ఎదురుచూస్తుంటారని చేశాను" అంది.

నేను "అట్లనా" అన్నాను. చావు కబురుకు ఇంతకన్నా బుద్ధిలేని జవాబు ఉండదు. ఫోను పెట్టేశాక వైరు పీకెయ్యాలో ఉంచాలో తెలియక అట్లాగే కూర్చున్నాను. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. ఎందుకు కారుతున్నాయో నాకే అర్థం కాలేదు. ఆయన మాకు చుట్టం కాదు, పక్కం కాదు. మా మతం కాదు, మా జిల్లా కాదు. పైగా ఆయన మమ్మల్ని ఏమనుకునేవారో నాకు ఆఖరిదాకా తెలియలేదు. ఇది చదువుతున్న మీకు ఆయన గురించి చెప్తే నాకైనా కాస్త తేటపడుతుందేమోనని రాస్తున్నాను.

మాది ఇబ్రహీంపట్నం దాటాక ఒక పల్లె. తాతల కాలం నుంచి ఇక్కడే ఉన్నాం. ఇంట్లో మా మాటలు సగం ఉర్దూ, సగం తెలుగు. ఇక్కడ అన్నీ తెలుగులోనే రాస్తున్నాను. మాకు రెండు కోళ్ల షెడ్లు ఉన్నాయి. ఒక ఎండాకాలం మేమంతా పెళ్లికి పోయినప్పుడు కరెంటు పోయి, ఫ్యాన్లు ఆగి, ఒక షెడ్డు కోళ్లన్నీ వేడికి చచ్చి ఊడ్చుకుపోయాయి. ఆ దెబ్బకు మా ఆయన పట్నం నుంచి ఒక సారును పిలిపించి డబ్బా పెట్టించాడు. షెడ్డులో వేడి పెరిగినా, కరెంటు పోయినా, ట్యాంకులో నీళ్లు తగ్గినా ఆ డబ్బా మా ఫోనుకు చెప్తుంది. డబ్బా పెట్టిన సారు కాబట్టి ఆయన మాకు డబ్బా సారు. ఆ పేరు ఆయన చెవిన పడ్డా నవ్వి ఊరుకున్నారు.

ఆయన గోదావరి వైపు మనిషి. ఎల్బీనగర్ అవతల ఇల్లు కట్టుకుని స్థిరపడ్డారు. సాగర్ రోడ్డు మీద శేరిగూడ కాలేజీ బస్సులను తిట్టుకుంటూ పాత స్కూటరు మీద వచ్చేవారు. ప్రతి మాటకూ అండీ తగిలించేవారు. మా ఆయనను "భాయ్ గారూ" అని పిలిచేవారు. భాయ్‌కి గారు తగిలించిన మనిషిని నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. ఇంకో వింత, కోళ్ల షెడ్లకు డబ్బాలు పెట్టి బతికే ఆ మనిషికి కోళ్లంటే భయం. ఒక్క కోడి రెక్కలు కొట్టిందంటే ఇనప జాలీ అవతలికి దూకేవారు. కొత్త కోడిపిల్లలు దిగిన వారం మాత్రం తలుపు దగ్గర నిలబడి, బల్బుల కింద ముద్దగా పడుకున్న వాటిని చూస్తూ "ఎంత బాగున్నాయండీ" అని పని మరిచిపోయేవారు.

ఆయనలో ఒక్కటే నాకు నచ్చేది కాదు. మా ఇంట్లో నీళ్లు తాగేవారు కాదు. చాయ్ ఇస్తే గ్లాసు పట్టుకుని, పెదవి తడుపుకుని పక్కన పెట్టేవారు. ఎర్రటి ఎండలో వచ్చినా సరే, తన బ్యాగులోంచి చిన్న సీసా తీసి, మూతలో పోసుకుని, ఆ మూతెడే తాగేవారు. మా అత్త గడప మీద కూర్చుని ఇవన్నీ గమనించేది.

"గాయన మనింట్ల నీళ్లు ముట్టడు. మాటలైతే మస్తు తియ్యగ జెప్తడు" అంది ఒకరోజు, ఆయన స్కూటరు మలుపు తిరగకముందే.

"పోనీయ్ అమ్మీ, పెద్దమనిషి. ఆయన అలవాటు ఆయనది" అన్నాడు మా ఆయన.

నాకు మాత్రం అత్త మాట గుచ్చుకుంది. ఊళ్లో ఇట్లాంటివి చూడని వాళ్లం కాదు. కానీ భాయ్ గారూ అని పిలిచే నోరు మా గ్లాసును ఎందుకు వద్దంటుందో నాకు అంతుపట్టలేదు. అడగడానికి నోరు రాలేదు.

మొదట్లో ఆయన ఆ వైరు తెచ్చి, ఒక కొస డబ్బాకు, ఒక కొస ల్యాప్‌టాప్‌కు తగిలించినప్పుడు నేను అడిగాను, పట్నంలో కూర్చుని డబ్బాను చూస్తారు కదా, అంకెలు మార్చడానికి ఇంత దూరం రావడమెందుకని. ఆయన నాకు అర్థమయ్యేట్టు చెప్పారు.

"మీ ఇంటర్నెట్ పెట్టె ఒక వీధి అనుకోండమ్మా. ఆ వీధిలో ఈ డబ్బాకి ఒక ఇంటి నంబరు. దూరం నుంచి ఆ నంబరు మార్చబోయి ఒక్క అంకె తప్పానంటే, ఇక నేను ఎంత పిలిచినా పలకదు. కూర్చున్న కొమ్మని నరుక్కున్నట్టే. ఈ వైరుకి అడ్రసుతో పనిలేదు. పక్కన వచ్చి కూర్చున్నవాడికి అడ్రసు ఎందుకండీ?"

ఆ తర్వాత మా పక్క పొలం ప్లాట్ల వెంచర్ అయింది. కమాను లేచింది, రంగురంగుల జెండాలు పాతారు. కొంగరకలాన్ దాకా భూముల ధరలకు రెక్కలొచ్చిన రోజులవి. వెంచర్ రోడ్డు కోసం జేసీబీలు తవ్వడం, మా ఇంటర్నెట్ లైను తెగడం, వాళ్లు వచ్చి అతికించడం, మళ్లీ తెగడం. విసిగిపోయి మా ఆయన వేరే కంపెనీ లైను పెట్టించాడు. కొత్త పెట్టె వచ్చింది, వీధి మారిపోయింది, డబ్బా మూగబోయింది. షెడ్డులో పిల్లలు దిగి ఇంకా వారం కాలేదు. నేను గాభరాగా సారుకు ఫోను చేశాను.

"నేను రాలేనమ్మా. ల్యాప్‌టాపూ వైరూ మీ దగ్గరే వదిలేశాను కదా. శుక్రవారం మధ్యాహ్నం చెయ్యండి, ఎంతసేపైనా చెప్తాను. మీ చేతే చేయిస్తాను" అన్నారు.

"గప్పుడు మా ఆయన నమాజుకు పోతడు సారు."

"మీరున్నారు కదమ్మా."

ఇంటర్ చదివి పొయ్యి దగ్గరా షెడ్డు దగ్గరా బతుకు వెళ్లదీస్తున్న నేను ఆ శుక్రవారం ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఫోను స్పీకరులో పెట్టి దాణా బస్తా మీద ఉంచాను. వైరు తగిలించి బటన్ నొక్కగానే స్క్రీన్ నిండా పిచ్చి గీతలు, పిచ్చి అక్షరాలు. డబ్బా కాలిపోయిందనుకుని కేకేశాను. ఆయన కంగారుపడలేదు. "వేగం కలవలేదంతే. అది ఒక వేగంతో చెప్తోంది, మనం ఇంకో వేగంతో వింటున్నాం" అని ఏదో నంబరు మార్పించారు. పిచ్చి గీతలు పోయి వరుసగా అంకెలు వచ్చాయి.

చదవమన్నారు. డాట్ అనాల్సిన చోట చుక్క అన్నాను, ఆ వెంటనే సిగ్గుపడ్డాను. "చుక్కే అనండమ్మా, డబ్బా ఏమీ అనుకోదు" అన్నారు. తొందరలో నేను ఉండాల్సిన అంకెనే చదివేస్తుంటే ఆపేవారు. "అక్కడ ఏం ఉండాలో నాకు తెలుసు. అక్కడ ఏముందో మీకు మాత్రమే కనిపిస్తుంది. అదే చెప్పండి" అనేవారు. ఈ మాట నేను ఇంట్లో చాలామంది మీద వాడాను.

కొత్త అడ్రసంతా కొట్టాక, దాన్ని సేవ్ చెయ్యమని చెప్పకముందే డబ్బాను ఆపి ఆన్ చేశాను. మళ్లీ పాత అంకెలే వచ్చాయి. నాకు ఏడుపొచ్చింది.

"పోతే పోయాయి. మొదట్నుంచి కొడదాం. నాకేం తొందరలేదు, నేనెక్కడికీ పోయేది లేదు" అన్నారు ఆయన.

అంతా అయ్యేసరికి మా ఆయన నమాజు నుంచి తిరిగొచ్చాడు. ఆయన జేబులో ఫోను టింగుమంది, షెడ్డులో వేడి ఎంతుందో చూపిస్తూ. మా పెళ్లయ్యాక ఆయన నన్ను అంత ఆశ్చర్యంగా చూసింది అదే మొదటిసారి.

అంతటితో అయిపోయిందనుకున్నాను. మరుసటి శుక్రవారం సారే ఫోను చేశారు. "వైరు పెట్టి ఒకసారి అంకెలు చదవండమ్మా" అన్నారు. చదివాను. ఏమీ మారలేదు. ఆపై శుక్రవారమూ అంతే. నెలలు గడిచాయి, అంకెలు అవే, చదవడం అదే. చదవడం అయ్యాక పిల్లలెలా ఉన్నాయి, దాణా వచ్చిందా, మీ అత్తగారి మోకాళ్ల నొప్పులు తగ్గాయా అని అడిగేవారు. నేను కూడా లొడలొడా చెప్పేదాన్ని. వెనకాల ఎక్కడో మా డబ్బా కూతలాగా ఒక చప్పుడు వచ్చేది. "గక్కడ గూడ డబ్బా ఉన్నదా సారు?" అంటే "ఉందమ్మా, ఇది నా సొంత డబ్బా" అని నవ్వారు.

మా అత్తకు అనుమానం మొదలైంది. "జుమ్మా నాడే ఎందుకు చేస్తడు? నా కొడుకు మస్జిద్‌కు పోయినంకనే ఎందుకు చేస్తడు?" అని నిలదీసింది. నేను ఆమెను తెచ్చి ఫోను పక్కనే కూర్చోబెట్టాను. చుక్కలూ అంకెలూ వింటూ వింటూ ఆమె బస్తాకు ఒరిగి నిద్రపోయింది. లేచాక "గాయనకు జర తిక్కున్నది. అంతే, ఇంకేం లేదు" అని తీర్పు చెప్పేసింది.

నాకు మాత్రం తీర్పు దొరకలేదు. మేము డబ్బాను కెలుకుతామని అనుమానమా? మా ఇంటి నీళ్లు పనికిరానప్పుడు మా ఇంటి కబుర్లు ఎట్లా పనికొస్తాయి? ఒకరోజు ఉండబట్టలేక, "అంకెలు అట్లనే ఉన్నయి సారు. ఇగ ఎందుకు చదువుడు?" అని అడిగేశాను. ఆయన "విసుగ్గా ఉందా అమ్మా?" అన్నారు. "లే సారు" అని మళ్లీ మొదలుపెట్టాను. నేను అడిగినదానికి జవాబు మాత్రం రాలేదు.

ఇప్పుడు ఆ జవాబు చెప్పే మనిషే లేరు. కబురు విని మా ఆయన, చావు విన్నప్పుడు మేం అనుకునే మాట, "ఇన్నాలిల్లాహి" అనుకుని గోడకు చేరబడ్డాడు. తర్వాత "పోవాలె" అన్నాడు.

"పోయి ఏమంటం? మీరెవరంటే ఏమని చెప్పాలె?" అన్నాను.

"కోళ్ల షెడ్డోళ్లమని చెప్తం."

ఎల్బీనగర్ దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో. చేతిలో ఏం తీసుకుపోవాలో తెలియదు. మాలో అయితే అన్నం వండి పంపుతాం, వాళ్లలో తప్పేమోనని వట్టి చేతులతోనే పోయాం. వాకిట్లో చెప్పులు గుట్టగా ఉన్నాయి. హాల్లో ఫొటో ముందు దీపం. ఫొటోలో సారు నేను చూసినదానికన్నా లావుగా, నిండుగా ఉన్నారు. వేరే ఇంటికి వచ్చామేమో అనిపించింది. గోడవారగా ఒకావిడ, సారు భార్యే కాబోలు, తల దించుకుని కూర్చుని ఉంది. "నమస్తే అమ్మా" అన్నాను. ఆమె నా ముఖం చూడకముందే గొంతును బట్టి పోల్చుకుంది.

"మీరేనా అమ్మా! శుక్రవారం అమ్మాయి మీరేనా!" అంది.

నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. ఎవరో నీళ్లు తెచ్చారు. ఎండనపడి వచ్చామేమో, మా ఆయన గ్లాసెడూ ఒక్క గుక్కలో తాగేశాడు. ఆమె ఆయన్నే చూస్తూ, "ఇలా తాగాలని ఎంత ఆశపడేవారో" అంది. "కిడ్నీలు పోయాయమ్మా. రోజుకి ఇన్ని నీళ్లని డాక్టరు కొలిచి ఇమ్మన్నారు. ఎక్కడికెళ్లినా ఆ సీసా మూతతోనే కొలుచుకునేవారు. ఎవరింట్లోనూ చెప్పుకునేవారు కాదు. రోగిష్టివాడని తెలిస్తే పని ఎవరిస్తారని."

మా ఆయన ఖాళీ గ్లాసు చేతిలో పట్టుకుని నా వైపు చూశాడు. నాకు ఎటు చూడాలో తెలియలేదు.

"మంగళవారం, శుక్రవారం డయాలసిస్. పక్కన ఆ మిషను కూస్తుంటే, నాలుగు గంటలు మంచానికి కట్టేసినట్టే. మంగళవారం ఎంత మాట్లాడించినా గోడవైపు తిరిగి పడుకునేవారు. శుక్రవారం మాత్రం పొద్దున్నే ఫోను చార్జింగు పెట్టుకునేవారు. మీరు చదువుతుంటే స్పీకరులో పెట్టేవారు. పక్క మంచాలవాళ్లందరికీ మీ షెడ్డు సంగతులు తెలుసు. పిల్లలెలా ఉన్నాయట, అని వాళ్లే ముందు అడిగేవారు."

అడగకుండా ఉండలేకపోయాను. "మరి ఆ అంకెలు చదివేది నిజంగ అవుసరమేనా అమ్మా?"

"నాకేం తెలుసమ్మా. నేనూ అడిగాను ఒకసారి. ఆ అమ్మాయి ఉన్నది ఉన్నట్టు చదువుతుంది, వింటుంటే భయం వెయ్యదు, అన్నారు."

అది డబ్బా గురించి అన్నారో, తన గురించి అన్నారో ఆమెకూ తెలియదు. నాకు ఇప్పటికీ తెలియదు. కానీ ఆ మాట విన్న క్షణంలో నాలో ఇన్నాళ్లుగా పొడుచుకుంటున్న ముల్లు ఊడిపోయింది. ఆ చోట ఇంకా నొప్పిగానే ఉంది.

లేవబోతుంటే ఆమె చెయ్యి వదల్లేదు. "ఒక్కసారి చదువుతారా అమ్మా? ఆయన ముందు" అంది. ల్యాప్‌టాప్ లేదు, వైరు లేదు, అంకెలు మాత్రం నోటికొచ్చు. ఇంతమందిలో ఏం బాగుంటుందని మా ఆయన వైపు చూశాను. ఆయన తలూపాడు. ఫొటో ముందు కూర్చుని, కొంగు తల మీదికి లాక్కుని మొదలుపెట్టాను.

"నూట తొంభై రెండు చుక్క, నూట అరవై ఎనిమిది చుక్క, ఒకటి చుక్క, ఇరవై."

హాల్లో వాళ్లు ఒక్కొక్కరే మా వైపు తిరిగారు.

"రెండొందల యాభై ఐదు చుక్క, రెండొందల యాభై ఐదు చుక్క, రెండొందల యాభై ఐదు చుక్క, సున్నా."

మూల కుర్చీలో ఒక ముసలావిడ ఉంది, ఆయన మేనత్తట. మా వాళ్ల ప్రార్థన ఏదో చదువుతున్నాననుకుని, ఆమె మెల్లగా లేచి నిలబడి, కళ్లు మూసుకుని, చేతులు జోడించింది. ఆమెను చూసి ఇంకో ఇద్దరు లేచారు. ఇది ప్రార్థన కాదని చెప్పబోయాను. మా ఆయన నా భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. నేను తర్వాతి వరుస అందుకున్నాను.