గంట తాడు

ఆ సీరియల్ రాసిన మనిషి మీద నాకు ఇప్పటికీ కోపమే. మూడు భాగాల పాటు ఒక పిల్లని నడిపించి, చివరికి నాకు నచ్చనట్టు చేశారని కాదు. నాకు నచ్చినట్టే చేశారు. కోపమంతా అందుకే.

రేపల్లెలో మా పిన్ని స్కూలు టీచరు. వారపత్రికలో ఏ సీరియల్ నచ్చినా ఆ కాగితాలు వారం వారం విడదీసి దాచేది. అయిపోయాక తెనాలి తెచ్చి బైండు చేయించేది. ఈ సీరియల్ మూడు బైండ్లయింది. మూడో దానిలో ఆఖరి వారం లేదు. ఆ వారం పత్రికని పక్కింటావిడ "చదివి ఇచ్చేస్తానండి" అని పట్టుకెళ్లి ఊరుకుంది. పిన్ని మొహమాటపడి అడగలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను తెనాలిలో ఒక హాస్టల్ కాలేజీలో ఇంటర్ చదువుతున్నాను. లేవడానికి గంట, స్నానానికి గంట, తిండికి గంట. స్టడీ అవర్లో నోరు విప్పితే లీడరు పుస్తకంలో పేరు రాస్తుంది. మూడుసార్లు పేరు పడితే నాన్నని పిలిపించి ఇంటికి పంపేస్తారు.

కథలోనూ అంతే. ఎప్పుడో రాబోయే కాలంలో ఒక ఊరు. గోపురం మీద గంట కొడితే జనం మాట్లాడాలి, మళ్లీ కొడితే ఆపేయాలి. మొదటి భాగంలో ఆ పిల్లకి నోట్లో నాలుక లేదు. దాహమేస్తే కూడా గంట కోసం చూస్తుంది. పిన్ని తెచ్చిచ్చిన ఆ బైండుకి కెమిస్ట్రీ పుస్తకం అట్ట తొడిగి నా బెంచీ పిల్లా నేనూ చదివాం. ఆ అమ్మాయిది బాపట్ల దగ్గర సముద్రం ఒడ్డున ఒక పల్లె. వాళ్ల నాన్న చేపల వేటకి వెళ్లేవాడు. వాళ్లింట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆమే.

రెండో భాగంలో ఆ పిల్ల తిరగబడింది. గంట మోగాక నడిబజారులో నిలబడి గొంతెత్తి మాట్లాడింది. అది చదివిన మర్నాడే, మెస్సులో పప్పులో పురుగులు తేలితే నేను కంచం తీసుకెళ్లి వార్డెను ముందు పెట్టాను.

"ఇది మీరు తింటారా మేడమ్?"

హాలు మొత్తంలో చప్పట్లు కొట్టింది ఒక్క నా బెంచీ పిల్లే.

వార్డెను నన్ను తిట్టలేదు. వారం తిరక్కుండా పేర్ల పుస్తకం నా చేతిలో పెట్టి, "నోరున్న పిల్లవి, ఇకనించి నువ్వే లీడరువి" అంది. నేను పొంగిపోయాను, సిగ్గులేనిదాన్ని. న్యాయంగా ఉంటాననుకున్నాను. మొదటి వారం ఎవరి పేరూ రాయలేదు. "ఎవరూ మాట్లాడలేదా? అయితే నీ పేరు రాయనా?" అని అడిగింది వార్డెను. రెండో వారం నుంచి రాశాను. మాట్లాడినందుకు నా బెంచీ పిల్ల పేరు కూడా రెండుసార్లు రాశాను.

అప్పుడే పిన్ని మూడో బైండు తెచ్చిచ్చింది. ఆ పిల్ల గోపురం ఎక్కేసింది. జనం అడిగినప్పుడే గంట కొడతానంది. కొన్నాళ్లకి, జనానికి ఇంకా మాట్లాడటం చేతకాదంది. చివరి పేజీలో తాడు ఆమె చేతిలో ఉంది. కింద ఆమె పాత స్నేహితురాలు వేళ కాని వేళ మాట్లాడుతోంది. దాని కింద "ఇంకా ఉంది".

నాకు ఒళ్లు మండిపోయింది. పుస్తకం బెంచీ మీద పడేశాను.

"ఏంటే ఇది! ఇందుకా అంత తిరగబడింది? ఎంత మారిపోయిందో చూడు!"

"ఏం మారలేదే" అంది నా బెంచీ పిల్ల. "అప్పుడు గంటంటే భయం. ఇప్పుడు గంట పోతుందేమోనని భయం."

"అయితే తాడు లాగుతుందంటావా?"

"ఎందుకు లాగదు? నువ్వు లాగట్లేదా?"

గురివింద తన కింద నలుపు ఎరగదంటారు. నాకు చూపించారు, అయినా చూడలేదు. ఆ సాయంత్రం స్టడీ అవర్లో ఆమె తల వంచుకుని లెక్కలు చేసుకుంటోంది. పెదవి కదపలేదు. నేను ఆమె పేరు రాశాను. అది మూడోసారి.

వాళ్ల నాన్న పొద్దున్నే మొదటి బస్సుకి వచ్చాడు. ఆఫీసు గదిలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వార్డెను పుస్తకం తెరిచి చూపించింది.

"నిన్న నేను మాట్లాడలేదు నాన్నా" అంది నా బెంచీ పిల్ల.

"నీ నేస్తమే రాసిందంట కదే. ఆ పిల్లెందుకు అబద్ధం రాస్తుంది?" అన్నాడాయన.

ట్రంకుపెట్టె మోసుకుని వెళ్తూ, వరండాలో నన్ను చూసి, "బాగా చదువుకో అమ్మా" అన్నాడు.

నేను బాగానే చదువుకున్నాను.

ఆరేళ్ల తర్వాత పిన్ని పక్కింటివాళ్లు ఇల్లు ఖాళీ చేసి భట్టిప్రోలు వెళ్లిపోతూ పాత పత్రికల కట్ట పిన్నికి అప్పగించారట. అందులో ఆ ఆఖరి వారం దొరికింది. ఆ పిల్ల తాడు వదిలేసింది. గోపురం దిగి స్నేహితురాలి చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ నవ్వుతూ ఊళ్లోకి నడిచారు. అంతే, అయిపోయింది.

పిచ్చి కోపం వచ్చింది. అంత తేలికా? ఒక్క వారంలో? నేనూ ఆ తాడు పట్టుకున్నదాన్నే. అది దానంతట అది చేతిలోంచి జారదు. ఆ కాగితాలు సంచిలో పెట్టుకుని మర్నాడే బాపట్ల బస్సెక్కాను.

నా బెంచీ పిల్ల వాళ్లింటి ముందు చేపలు ఎండబెడుతోంది. నన్ను గుర్తుపట్టింది. చేతులు కడుక్కుని నిలబడే చదివింది.

"దిగిపోయిందా! మంచిదే" అని కాగితాలు తిరిగిచ్చేసింది. తర్వాత అడిగింది.

"ఆ రోజు నేను మాట్లాడలేదని నీకు తెలుసు కదా?"

"తెలుసు."

"మా నాన్నకి తెలీదు. ఆరేళ్లుగా చెప్తానే ఉన్నా, నమ్మడు. నువ్వు రాశావు కాబట్టి." ఇంటి వెనక్కి చెయ్యి చూపించింది. "వల బాగుచేసుకుంటున్నాడు. వెళ్లి చెప్పు."

నాలుగడుగులే. గోడ పట్టుకుని నడిచాను. ఆయన తలెత్తి చూసి, ఎండలో వచ్చావా అమ్మా, కూర్చో అన్నాడు.

"కూర్చోను బాబాయ్" అన్నాను. "ముందు ఒక మాట చెప్పాలి."