చేప గుర్తు కత్తికి వచ్చిన చెడ్డపేరు

1998వ సంవత్సరం, నవంబరు నెల రెండవ ఆదివారం, ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలు. మంచు ఇంకా విడలేదు. ఖరిదా బజారుకు సైకిలు నడిపించుకుంటూ వెళుతున్నాను. రైల్వే యార్డులో షంటింగ్ ఇంజను కూత ఏ దిక్కు నుంచి వస్తున్నదో తెలియలేదు. తడిసిన దూదిలోంచి వచ్చినట్టు మెత్తగా వచ్చి, మెత్తగానే పోయింది.

నా జేబులో 1986లో కొన్న చేప గుర్తు మడతకత్తి ఉంది. జామకాయ కోయడానికీ, పెన్సిలు చెక్కడానికీ, పురికొస తెంపడానికీ అదే. దాన్ని అమ్మినామె, తన భర్త పోయిన తరువాత తాళాల కొట్టు నడుపుకుంటున్న తెలుగు క్రైస్తవురాలు, వీధికంతటికీ అక్క. "నా మాట మీద తీసుకో" అన్నదే ఆమె ఇచ్చే గ్యారంటీ. కత్తిని మాత్రం చేతికివ్వదు. ఇస్తే స్నేహం తెగుతుందని బల్ల మీద పెడుతుంది, మనమే తీసుకోవాలి.

ఆనాడు బల్ల నిండా వాడిన కత్తులే ఉన్నాయి.

"ఏటక్కా, ఇవన్నీ?"

"తిరిగొచ్చినాయి తమ్ముడూ. సేప కత్తి మంచిది కాదని కంప్యూటర్లో పడిపోనాదట. ముప్పై యేళ్ళుగా నేను సెప్పిన మాట కంటే మొన్న ఆ డబ్బా సెప్పిందే గొప్పదయిపోనాది."

ఆ డబ్బా ఎక్కడిదో నాకు తెలుసు. మా బావమరిది హిజ్లీలో ఇంజనీరింగ్ కాలేజీ కంప్యూటర్ గదిలో పనిచేసేవాడు. ఇంటర్నెట్‌లో ఎక్కడెక్కడి వాళ్ళో కత్తుల గురించి రాసుకున్న అభిప్రాయాలను సరదాకి ప్రింటు తీసి, మా తెలుగు సంఘం చదువుల గదిలో తగిలించాడు. అంచుల వెంట చిల్లులున్న పొడవాటి కాగితం. మా రైల్వే ఊళ్ళో అలాంటి కాగితమంటే రిజర్వేషన్ చార్టు. చార్టులో పేరు లేనివాడికి బెర్తు లేదు. చార్టుతో వాదించినవాడూ లేడు. చేప కత్తి స్ప్రింగు విరుగుతుందని అందులో పదకొండు అభిప్రాయాలు ఉన్నాయి.

నేను నేరుగా ఆ చదువుల గదికే వెళ్ళి, కిటికీ పక్కన కూర్చుని, రైల్వే ఆడిట్ ఆఫీసులో అలవాటైనట్టు మొదటి నుంచి చదివాను. మంచు వెలుగులో అక్షరాలు తేలుతున్నట్టున్నాయి. వెయిటింగ్ రూములో నిద్రపోతున్నవాళ్ళు ఒకరి కలవరింతకు మరొకరు బదులు పలుకుతున్నట్టుంది ఆ కాగితం. మొదటివాడు కత్తితో పెయింటు డబ్బా మూత పెకలించబోయి స్ప్రింగు విరగ్గొట్టుకున్నాడు. రెండోవాడు అయ్యో అన్నాడు. మూడోవాడు తానూ అలాగే విన్నానన్నాడు. చివరివాడు, ఇంతమంది చెబుతుంటే నిజమే అయి ఉండాలన్నాడు.

బావమరిది రాగానే అడిగాను.

"ఇందులో కత్తి వాడినవాడు ఎవడోయ్?"

"పదకొండు మంది రాసినారు కదా బావా."

"రాసినారు. విరగ్గొట్టినోడు ఒక్కడే. అదీ పెయింటు డబ్బా మీద."

"అందుకే నిన్ను మీ ఆడిట్ వాళ్ళు కూడా టీకి పిలవరు," అని నవ్వుతూనే కాగితం తీసేశాడు. తీసినచోట గోడ తెల్లగా మిగిలింది. వచ్చినవాళ్ళు కాగితం ఇంకా అక్కడే ఉన్నట్టు ఆ తెల్లదనాన్నే చూసి తల ఆడించి వెళ్ళేవారు.

సంగతి అక్కకు చెప్పాను.

"ఈ మాట కూడా ఆ సిల్లుల కాగితం మీదే కొట్టించి తగిలించు తమ్ముడూ, అప్పుడు నమ్ముతారు."

కొట్టించాను. ఒకాయన రెండుసార్లు చదివి, "ఇది వేరే, దాదా. ఇది మీరు కొట్టించినది," అన్నాడు.

తరువాతి ఆదివారం మళ్ళీ కొట్టుకు వెళ్ళి, కొత్త కత్తి ఒకటి చూపమన్నాను. ఎప్పటిలాగే బల్ల మీద పెట్టింది. ఎప్పటి మాట మాత్రం అనలేదు.

"సూసుకో. నీకు నచ్చితే తీసుకో," అన్నది.

తీసుకున్నాను. ఫిబ్రవరిలో మరొకటి తీసుకున్నాను. అప్పుడూ ఆ మాట రాలేదు.

ఆ చలికాలం ముగిసేసరికి తేలిన లెక్క ఇది: కాగితం మీద అభిప్రాయాలు పదకొండు. వాటి వెనక విరిగిన కత్తి ఒకటి. అక్క కొట్టులో అమ్ముడుపోయిన చేప కత్తులు రెండు. రెండూ నేను కొన్నవే.