చిన్నాన్న తుపాకీ గురించి నాకాలో చెప్పాలా, వద్దా?

కిరండుల్ వెళ్లేవాళ్లలో చాలామంది కొండల మీదుగా వెళ్లే ఆ రైలు కోసం, దారిలోని సొరంగాల కోసం వెళతారు. నేను వెళ్లింది మా చిన్నాన్న కోసం. ఆయన సైన్యంలో పనిచేసి వచ్చాక ఆ ఇనుప గనుల ఊళ్లోనే చాలా ఏళ్లు కాపలా ఉద్యోగం చేశారు. కాంట్రాక్టరు మారడంతో ఈమధ్య ఆ పని పోయింది. ఇప్పుడు జగదల్‌పూర్ నుంచి కిరండుల్‌కి బ్యాంకు డబ్బు తెచ్చే బండికి గన్‌మాన్ కావాలని అక్కడి ఏజెన్సీ ఒకటి పిలిచింది. సొంత తుపాకీ, సొంత లైసెన్సు ఉన్నవాళ్లే రావాలి. మధ్యాహ్నం రెండింటిలోగా రెండూ తెచ్చి చూపించాలి. ఉద్యోగం రాకపోతే అద్దె కట్టలేక క్వార్టరు ఖాళీ చేసి సొంతూరు బొబ్బిలి వెళ్లిపోవాల్సిందే. పిన్ని ఆ మాటే ఎత్తనివ్వదు. ఆవిడ స్నేహితులు, కుట్టుపని, చర్చి అన్నీ కిరండుల్‌లోనే ఉన్నాయి. నాకు చిత్రకూట్ జలపాతం చూడాలని ఉంది కాబట్టి జీపు కిరాయిలో సగం నేనిస్తానని బయలుదేరాను.

కిరండుల్ ఇళ్లలో ఏ వస్తువునీ తెరిచి ఉంచరు. ఖనిజం రైళ్లకెక్కించే ఊరు కావడంతో కిటికీలు మూసినా ఎర్రదుమ్ము లోపలికి వస్తుంది. పప్పు డబ్బా నుంచి పెళ్లి ఫొటో దాకా అన్నిటికీ ప్లాస్టిక్ కవర్లే. పిన్ని రివాల్వర్‌కి కూడా అదే మర్యాద చేసింది. ఖాళీ తుపాకీ, లైసెన్సు పుస్తకం, ఆధార్ కార్డు మూడూ ఒకే కవర్లో పెట్టి, రబ్బరు బ్యాండ్లు బిగించి, తువ్వాలు చుట్టి, తాను కుట్టిన గుడ్డపట్టీలో దోపి చిన్నాన్న నడుముకి కట్టేసింది. తూటాల డబ్బా ఆయన సంచి అడుగున విడిగా ఉంది. పైన వదులు చొక్కా వేసుకునేసరికి చిన్నాన్నకి ఒక పక్కనే పొట్ట పెరిగినట్టుంది. నేను నవ్వితే పిన్ని కసిరింది.

ఏడు గంటలకి జీపు వచ్చింది. డ్రైవరు సమ్మయ్యది భోపాల్‌పట్నం. తెలుగు, హిందీ, గోండీ, హల్బీ ఎవరితో ఏది కావాలంటే అది మాట్లాడతాడు. నడుముకి ఏముందో చిన్నాన్న చెప్పగానే తాళంచెవి తిప్పబోయినవాడు ఆగిపోయాడు. ఆ దారిలో నాకాలు, అంటే జవాన్లు బండ్లు ఆపి తనిఖీ చేసే చోట్లు, చాలా తగులుతాయి.

"నాకాలో జెప్తరా ఏంది సార్?"

"సెప్పకపోతే ఎలాగ? ఫౌజులో పనిసేసినోడిని. దాచడం ఏటి?"

"అడిగితే జెప్పుండ్రి. అడగకముందే తుపాకీ అన్నరంటే అయిపాయె. పెద్దసాబ్ రావాలె, ఫోన్ గొట్టాలె, నంబర్ రాసుకోవాలె. రెండింటికి జగదల్‌పూర్ జూడం మనం."

పిన్ని గుమ్మంలోంచే తీర్పు చెప్పింది. "ముందే సెప్పేయండి. దొంగలాగ కూసోకండి."

ఎవరి మాట వినాలో నాకు తోచలేదు. మీరు ఈ దారిలో వెళితే బచేలీలో ఆగండి. బస్టాండు దగ్గర పార్వతీపురం ఆవిడ ఒకరు ఇడ్లీలు వేస్తారు, చట్నీ మన ఇంటి రుచే. ఇడ్లీలు తింటున్నంతసేపూ ఈ చర్చే నడిచింది.

దంతెవాడకి ముందు మొదటి నాకా వచ్చింది. చిన్నాన్న జీపు ఆగీ ఆగకుండానే దిగి, నిటారుగా నిలబడి, తన దగ్గర లైసెన్సు ఉన్న రివాల్వర్ ఉందని హిందీలో చెప్పారు. హవల్దారు మర్యాదగానే డేరాలోకి తీసుకెళ్లాడు. చూపించమన్నాడు. చొక్కా ఎత్తి పట్టీ విప్పారు. తువ్వాలు విప్పారు. రబ్బరు బ్యాండ్లలో ఒకటి తెగి హవల్దారు టీ గ్లాసులో పడింది. ఆయన పగలబడి నవ్వి, "ఎవరు కట్టారు ఫౌజీ, పెళ్లికానుకా?" అని అడిగాడు. సమ్మయ్య చెప్పినట్టే ఫోను చేశారు, నంబరు రాసుకున్నారు, మాకూ టీ ఇచ్చారు. ముప్పావుగంట పోయింది. చిన్నాన్న మళ్లీ మూడింటినీ కలిపి అచ్చం పిన్ని కట్టినట్టే కట్టుకున్నారు. విడిగా పెట్టుకోవచ్చు కదా అని నేనంటే, "దుమ్ము పడితే మీ పిన్ని ఊరుకుంటాదేటి?" అన్నారు.

గీదంలో ఆలూగుండాలు కొనుక్కున్నాం. మన బంగాళాదుంప బోండాలే, కాస్త పెద్దవి. సంత రోజు కావడంతో కూడలి దాటడానికి ఇంకో అరగంట పట్టింది. సమ్మయ్య గడియారం చూపించి, "ఇంకో దిక్కు గట్లనే జెప్తే నౌకరీ పోతది సార్. మీ ఇష్టం," అన్నాడు. నేనూ వాడివైపే మాట్లాడాను. పిన్ని ముఖం గుర్తొచ్చి నాకు కంగారుగా ఉంది. చిన్నాన్న సరే, అడిగితేనే చెబుతానన్నారు.

కొండెక్కే ఘాటు రోడ్డు మొదలవకముందే రెండో నాకా. అక్కడ ఒక కుర్ర జవాను కిటికీ దగ్గరికి వచ్చి తుపాకీ సంగతేమీ అడగలేదు. గుర్తింపు కార్డులు మాత్రం అడిగాడు. నేను నాది ఇచ్చాను, సమ్మయ్య డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చాడు. చిన్నాన్న ఆధార్ కార్డు ఎక్కడుందో మీకు గుర్తుండే ఉంటుంది. ఆయన ఆలోచించకుండా చొక్కా ఎత్తి నడుము దగ్గరికి చెయ్యి పోనిచ్చారు.

జవాను ఒక్క అంగలో వెనక్కి దూకి తుపాకీ ఎత్తాడు. "హాథ్ ఊపర్! హాథ్ ఊపర్!" అని అరిచాడు. ఆ అరుపుకి ఇసుక బస్తాల వెనక నుంచి ఇంకో ఇద్దరు పరిగెత్తుకొచ్చారు. నా చేతిలో ఆలూగుండా ఒళ్లో పడి చితికిపోయింది. నేను చేతులెత్తాను, సమ్మయ్య రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి కళ్లు మూసుకున్నాడు. చిన్నాన్న చేతులు రెండూ కిటికీలోంచి బయటికి చాచి, గొంతు ఏమాత్రం పెంచకుండా, "బేటా, లైసెన్స్ హై. మై నహీ ఛూవూంగా. తుమ్ నికాలో," అన్నారు. లైసెన్సు ఉంది, నేను ముట్టుకోను, నువ్వే తియ్యి అని. అప్పటికి వాళ్ల అధికారి వచ్చి మమ్మల్ని ఒక్కొక్కరినే దింపి, ఆ మూట తనే తీశాడు. కాగితాలన్నీ సరిగానే ఉన్నాయి. అయినా తిట్లు తప్పలేదు, ఆ తిట్లన్నీ న్యాయమైనవే. జీపంతా వెతికారు. గంటన్నర పోయింది, మేం అక్కడి నుంచి కదిలేసరికి ఒంటిగంట దాటిపోయింది.

ఘాటు ఎక్కుతుంటే చిన్నాన్నే మాటెత్తారు.

"ఆ కుర్రోడి సేతులు సూసేవా అమ్మా?"

"లేదు చిన్నాన్నా. తుపాకీయే చూశాను."

"వొణికిపోతన్నాయి. ఆడి వయసులో నేనూ ఇలాగే నాకాలో నిలబడ్డాను. ఎవడి సొక్కా కింద ఏటుందో అని రోజంతా బయమే. ఇయాళ ఆ బయం నేను పెట్టేను ఆడికి."

సమ్మయ్య జీపు పక్కకి ఆపాడు. "నాదే తప్పు సార్," అన్నాడు. చిన్నాన్న నవ్వి, వాడి వీపు తట్టి, ఆ మూట విప్పారు. లైసెన్సు, ఆధార్ చొక్కా జేబులోకి వెళ్లాయి. రివాల్వర్ ఒక్కటే, సంచిలోంచి తీసి నడుముకి పెట్టుకున్న తోలు హోల్‌స్టర్‌లోకి వెళ్లింది. తువ్వాలుతో నేను నా బట్టలకి అంటిన బంగాళాదుంప తుడుచుకున్నాను.

తోకాపాల్ దగ్గర మూడో నాకాలో చిన్నాన్న చేతులు కిటికీ మీద పెట్టి, అడగకముందే చెప్పారు. ముందు లైసెన్సు మాట, తర్వాత తుపాకీ మాట. జవాను ఆయన జేబులోని లైసెన్సు పుస్తకం తీసి చూసి, హోల్‌స్టర్ వైపు ఒక చూపు చూసి, పది నిమిషాల్లో పంపేశాడు.

ఏజెన్సీ ఆఫీసుకి చేరేసరికి మూడు కావస్తోంది. మేనేజరు సంచి సర్దుకుంటున్నాడు. ఆలస్యం ఎందుకయిందని అడిగాడు. ట్రాఫిక్ అని చెబుతారేమో అనుకున్నాను. చిన్నాన్న మూడు నాకాల కథా చెప్పారు, మధ్యలో తాను నోరు మూసుకున్న సంగతితో సహా. మేనేజరు సంచి కింద పెట్టి, "మా బండి రోజూ ఇదే దారిలో వెళుతుంది. ఇక ముందు ప్రతి నాకాలోనూ చెబుతారా?" అని అడిగాడు. చెబుతానన్నారు. సోమవారం రమ్మన్నాడు. బయటికి రాగానే పిన్నికి ఫోను చేస్తే, ఆవిడ ఏడుస్తూనే తువ్వాలు జాగ్రత్తగా తెచ్చారా అని అడిగింది.

చీకటి పడకముందే చిత్రకూట్ చేరుకున్నాం. జగదల్‌పూర్ నుంచి గంట ప్రయాణం, వానలు తగ్గిన కొత్తలో వెళితే నీళ్లు నిండుగా ఉంటాయి. ఆ హోరు ముందు నిలబడి కూడా నేను ఆ కుర్ర జవాను గురించే ఆలోచించాను. దారంతా మేం వాదించుకున్నది మా టైము గురించి, మా ఉద్యోగం గురించి. కిటికీకి అవతల నిలబడినవాడు ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. మీరూ లైసెన్సు తుపాకీతో ఈ దారిలో వెళ్లేటట్టయితే, అది ఏ జిల్లాల్లో చెల్లుతుందో ముందే ఠాణాలో కనుక్కుని, కాగితాలు తుపాకీకి దూరంగా పైజేబులో పెట్టుకోండి. రెండు చేతులూ కనబడేలా ఉంచి, అడగకముందే చెప్పండి. మాకు అన్నిటికంటే ఎక్కువ ఆలస్యమైంది చెప్పని చోటే. అది పోనీ. ఆ జవాను ఆ రోజు అన్నం ఎలా తిన్నాడో అని ఇప్పటికీ అనిపిస్తుంది నాకు.