కళ్లలో నిలువు గీతలు

ఆవిడను ఆ వీధిలో అందరూ గడ్డం మేడం అంటారు. కొత్తగా విన్నవాళ్లు గడ్డమున్న మనిషెవరో అనుకుని స్టూడియోలోకి తొంగి చూసి తికమకపడతారు. ఇరవై రెండేళ్లుగా పాస్‌పోర్టు సైజు ఫొటోలు తీస్తూ, వచ్చిన ప్రతి ఒక్కరితోనూ "గడ్డం కొంచెం దించండి, అబ్బే అంత కాదు, కాస్త ఎత్తండి" అంటూ ఉండడం వల్ల వచ్చిన పేరది.

స్టూడియో అంటే ఒకటే గది. ఒక తెల్ల తెర, ఒక నల్ల తెర, గుండ్రంగా తిరిగే స్టూలు, అటొకటి ఇటొకటి ఫ్లాష్ లైట్లు, వాటికి తెల్ల గొడుగులు. దరఖాస్తుకు పెట్టే ఫొటోలో మొహం మీద నీడ పడకూడదు. అందుకని ఆవిడ అన్నేళ్లూ నీడను గదిలోకి రానివ్వలేదు.

ఒకరోజు పొద్దున్నే ఒక నర్సు డ్యూటీ దిగి నేరుగా స్టూడియోకి వచ్చింది. సంచిలోంచి అట్టల మధ్య దాచిన పాత నలుపు తెలుపు ఫొటో తీసింది. దాని కింది భాగాన్ని చెమ్మ తినేసింది.

"మా అమ్మ, మేడం. నాకు ఆరేళ్లప్పుడు పోయింది. ఈ మరక తీసేసి కొంచెం పెద్దది చేసిస్తారా?"

"ఎక్కడ తీయించారమ్మా ఇది?"

"ఏదో పెద్ద స్టూడియోలోనట. పెళ్లికి ముందుది. నాన్న అలాగే చెప్పేవారు. ఎక్కడో ఆయనకీ తెలీదు."

నర్సు వెళ్లిపోయాక ఆవిడ ఆ ఫొటో ముందు కూర్చుండిపోయింది. ఇరవై ఏళ్ల అమ్మాయి. రెండు చెంపల అంచుల మీద, జుట్టు మీద, భుజాల మీద గోరుతో గీసినట్టు సన్నని వెలుగు. ముక్కు దగ్గరికి వచ్చేసరికి మెత్తని నీడ. వెనకంతా చీకటే, అయినా నల్లటి జుట్టు ఆ చీకట్లో కలిసిపోలేదు. ఈ వెలుగు ఎటునుంచి వచ్చింది?

భూతద్దం తెచ్చి కళ్లలోకి చూసింది. ఒక్కో నల్లగుడ్డులో అటూ ఇటూ ఒక్కో నిలువు తెల్లగీత ఉంది. వెంటనే సొరుగు లాగి, ఎవరూ తీసుకెళ్లని పాస్‌పోర్టు ఫొటోలను పరిచి ఒక్కొక్కటీ చూసింది. అందరి కళ్లలోనూ రెండేసి గుండ్రటి తెల్లమచ్చలు. అవి తన గొడుగులే. ఊళ్లో సగం మంది కళ్లలో తన గొడుగులు పెట్టి పంపిందన్నమాట! ఆవిడకు నవ్వొచ్చింది. మరి ఈ అమ్మాయి కళ్లలో ఉన్నవేంటి?

ఫొటో సామాన్ల దుకాణానికి ఫోన్ చేసి ఆ గీతల సంగతి చెప్పింది. దుకాణదారు చెప్పాడు. "అవి స్ట్రిప్ సాఫ్ట్‌బాక్సులు మేడం. పొడుగ్గా, సన్నగా ఉండే పెట్టెలు. లైటు లోపల ఉంటుంది, ముందు తెల్లగుడ్డ. తెప్పిస్తే మూడు వారాలు పడుతుంది. కానీ అంత పాత ఫొటో అంటున్నారు, అప్పుడివి ఇక్కడెక్కడివి?"

ఆ చివరి మాట ఆవిడ చెవిలో జోరీగలా తిరిగింది. మూడు వారాలు ఆగే ఓపిక లేక, ఇంటికెళ్లి అత్తగారిని పట్టుకుంది. అత్తగారు ముప్పై ఏళ్లు బడిసంచులు కుట్టిన మనిషి. కాగితం మీద బొమ్మ వేసి చూపిస్తే కళ్లజోడు సర్దుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది సంచే కదే! కాకపోతే నోరు పొడుగునా ఉంది."

నాలుగు అడుగుల పొడుగు, అడుగు వెడల్పు. బయట దళసరి నల్లగుడ్డ, లోపల కారు అద్దానికి ఎండ తగలకుండా పెట్టే వెండిరంగు పట్టా, ముందు పల్చటి తెల్లగుడ్డ, నిలబెట్టడానికి పాత గుడారం ఊచలు. రెండు రోజుల్లో రెండు పెట్టెలు తయారయ్యాయి. మొదటిసారి బిగించినప్పుడు ఫ్లాష్‌లో ఎప్పుడూ వెలిగే చిన్న బల్బు వేడికి గుడ్డ కమిలి వాసన వచ్చింది. ఆ బల్బు పీకేసింది.

కదలకుండా కూర్చునే మనిషి కావాలి. అత్తగారే స్టూలెక్కింది.

"ఏమే, అటొకడు ఇటొకడు పోలీసుల్ని నిలబెట్టినట్టుంది. నేనేం చేశానూ?"

పెట్టెలు చెరోపక్కా ముందుకు పెట్టి తీస్తే ముక్కుకు రెండు నీడలు పడ్డాయి. బాగా వెనక్కి జరిపితే చెవుల మీద, భుజాల మీద వెలుగు చక్కగా కుదిరింది కానీ, కొంత నేరుగా లెన్సులోకి కొట్టి ఫొటో అంతా పొగ పట్టినట్టయింది. పైగా కళ్లలో గీతలు మాయం. నల్ల అట్టలు అడ్డం పెట్టి, అంగుళం అంగుళం ముందుకు జరుపుతూ, జరిపినచోటల్లా నేల మీద సుద్దతో గుర్తు పెట్టింది. మనిషికి సరిగ్గా పక్కన, జానెడు ముందుకు వచ్చినప్పుడు కళ్లలో గీతలు తేలాయి.

అయినా ఒకటి కొరుకుడు పడలేదు. అత్తగారి మొహం నడుమ నల్లగా ఉంది. ఆ ఫొటోలో అమ్మాయికి అలా లేదు. గడ్డం కింద, పెదవి కింద, కనీకనపడని కాంతి ఉంది. మూడో లైటంటూ ఉంటే అది కళ్లలో కనపడాలి కదా?

నాలుగో రోజుకి అత్తగారికి విసుగొచ్చింది. "నువ్వు జరుపుకుంటూ ఉండు, నేను చదువుకుంటా" అని ఒళ్లో పేపరు పరుచుకుంది. ఆవిడ అలాగే ఒక ఫొటో తీసి చూసింది. అత్తగారి గడ్డం కింద వెలుగు!

"అత్తయ్యా, కదలకండి! ఆ పేపరు తీయకండి!"

"తీయమన్నా తీయను, సగంలో ఉన్నా."

మర్నాడు నర్సు, మరక తీసి పెద్దది చేసిన ఫొటో తీసుకోవడానికి వచ్చింది. ఆవిడ దాన్ని చేతికిచ్చి, ఒక్క క్షణం తటపటాయించి అడిగేసింది.

"మీరేమీ అనుకోకపోతే ఒక మాట. మీ అమ్మగారికి రెండు పక్కలా సన్నటి, పొడుగాటి వెలుతురు ఉంది. ముందు ఏదో తెల్లటిది పెద్దగా పరిచి ఉంది, ఫొటోలోకి రాలేదంతే. ఏ స్టూడియోలో అలా పెడతారో తెలుసుకోవాలనుంది. చెప్పేవాళ్లెవరైనా ఉన్నారా?"

నర్సు అక్కడినుంచే పిన్నికి ఫోన్ కలిపి స్పీకరు పెట్టింది. అవతల పిన్ని పకపకా నవ్వింది.

"స్టూడియోనా నీ మొహమా! అది బైండింగ్ షాపే అమ్మడూ. అక్క పెళ్లికి ముందు ఏడాదిన్నర అక్కడ పుస్తకాలు కుట్టింది. గాలికి కాగితాలు ఎగరకుండా అటూ ఇటూ సన్నటి కిటికీలు పెట్టారు. ముందు బల్ల నిండా కాగితాలే. అక్కడి మెషీను మెకానిక్ కొత్త కెమెరా కొనుక్కుని భోజనాల వేళ అందరికీ తీశాడు."

"అమ్మ పని చేసిందా? నాకెవరూ చెప్పలేదే!"

"నువ్వు అడగలేదుగా."

నర్సు చేతిలోని ఫొటోను మళ్లీ చూసింది. తల్లి గురించి ఆమెకు తెలిసినవి రెండు మూడు సంగతులే. వాటికి ఇప్పుడు ఒక బల్ల, ఒక సూది, ఏడాదిన్నర కాలం వచ్చి చేరాయి. "మేడం, నాకు అక్కడికి వెళ్లాలనుంది" అంది.

ఆదివారం ముగ్గురూ వెళ్లారు, నర్సు, పిన్ని, గడ్డం మేడం. బైండింగ్ షాపు ఇప్పుడు సైకిలు విడిభాగాల గోదాము. యజమాని మంచివాడు, టైర్లు పక్కకు దొర్లించి చోటిచ్చాడు. ఒకవైపు కిటికీ అలాగే ఉంది. ఆవిడ టేపు పెట్టి కొలిచింది. నిలువు నాలుగున్నర అడుగులు, వెడల్పు అడుగుకు రెండు అంగుళాలు తక్కువ. రెండోవైపు కిటికీని ఎప్పుడో ఇటుకలతో మూసేశారు.

ఆవిడ ఆ ఇటుకల ముందు తన పెట్టె ఒకటి నిలబెట్టింది. బల్ల మీద తెల్ల చార్టులు పరిచింది. "అక్క కూర్చున్నది ఇంకొంచెం ఇటు" అని పిన్ని నర్సును భుజాలు పట్టి జరిపింది. ఒకవైపు కిటికీ వెలుగు, ఒకవైపు పెట్టె వెలుగు. రెండూ సమానంగా తూగేదాకా ఆవిడ ఫ్లాష్ తగ్గిస్తూ పోయింది.

ఫొటో కెమెరాలోనే చూసి పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నర్సుకు తల్లి పోలిక లేదని ఇంట్లో అందరూ అనేవారట. ఆ వెలుతురులో కనుబొమ్మల వంపు, దవడ అంచు అచ్చం అక్కవే.

సామాను సర్దుకుని బయటికి వచ్చేటప్పటికి నర్సు పిన్ని చేయి పట్టుకుని అడుగుతోంది. "ఏ పుస్తకాలు కుట్టేది? ఎవరితో కలిసి వెళ్లేది? తనకి నచ్చేదా ఆ పని?"

"ఆగవే, ఒక్కోటీ చెప్తా" అంది పిన్ని, నడక నెమ్మదిస్తూ.